అరవై వేలకు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది పాకాల మండలంలో దామలచెరువు దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట ఉంది, అందులో ఎక్కువ భాగం తోతాపురి. మా అబ్బాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఇక మిగిలింది ఒక్క సెమిస్టరు, అదంతా ఇంటర్న్‌షిప్పేనట. మార్కులు ఫరవాలేదు కానీ నలుగురిలో నోరు విప్పడు, ఇంటికొస్తే ఫోను పట్టుకొని కూర్చుంటాడు. 2025లో కాయ ఫ్యాక్టరీకి తోలినప్పుడు మాత్రం టోకెన్ పట్టుకొని రెండు రాత్రులు ట్రాక్టరు దగ్గరే ఉండి పని చక్కబెట్టుకొచ్చాడు. ఇప్పుడు తెలిసినాయన ఒకరు 60,000 రూపాయలిస్తే బెంగళూరు కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెప్పిస్తానని, ఒక్కరోజు కూడా వెళ్లనక్కరలేదని, తరువాత ఉద్యోగం కూడా చూస్తానని అంటున్నాడు. మా బావమరిది శ్రీసిటీ పారిశ్రామికవాడకు పంపమంటాడు. అబ్బాయేమో గ్రూప్-2కు చదువుతానంటాడు. అప్పు చేసి ఆ డబ్బు కట్టమంటారా? వాణ్ని పనికి ఎలా తయారు చేయాలి? ఉద్యోగమొస్తే చేరే రోజు నేను వెంట వెళ్లాలా?
— ఒక రైతు, పాకాల మండలం

సమాధానం: అయ్యా, ముందుగా డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ మధ్యవర్తి మిమ్మల్ని తొందరపెడుతున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ 60,000 కట్టకండి. అప్పు మాట అటుంచి, చేతిలో ఉన్న డబ్బయినా ఇవ్వకండి. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతూ, వారిని ఉద్యోగాలకు పంపే బాధ్యతను పదిహేడేళ్లు చూసినవాణ్ణి నేను. మనిషి అవసరమై పనిలోకి తీసుకునే సంస్థ ఆ మనిషి దగ్గర ఎదురు డబ్బు అడగడం ఇన్నేళ్లలో నేను చూడలేదు. అడిగినవాళ్లందరూ మధ్యలో ఉన్నవాళ్లే. ఇప్పటికే కొంత ఆన్‌లైన్‌లో పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

అయితే డబ్బు పోవడాన్ని మించిన నష్టం ఇందులో మరొకటి ఉంది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత మరో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరంతా పనిచోటే గడపాలి. ఈ చివరి ఆరు నెలలకు విద్యార్థి ఒక పుస్తకం నింపాలి. ఏ రోజు ఏం చేశాడో, ఏం నేర్చుకున్నాడో రోజువారీగా, మళ్లీ వారానికొకసారి రాసి, పనిచోట పర్యవేక్షించేవారి చేత సంతకం చేయించుకోవాలి. చివర్లో దాని మీదే మౌఖిక పరీక్ష ఉంటుంది. సర్టిఫికెట్ కొనుక్కున్న పిల్లల పుస్తకాలు నేను చాలా చూశాను. నూట ఇరవై రోజుల రాతంతా ఒకే కలంతో, ఒకే రాత్రి కూర్చొని రాసినట్టు ఉంటుంది. 'జావా నేర్చుకున్నాను' అని నలభై రోజులు వరుసగా రాసిన పుస్తకాన్ని చూసి ఆ పిల్లవాణ్ణి ఏమని అడగాలో తెలియక బాధపడ్డాను. ఉద్యోగంలో చేరాక కంపెనీవాళ్లు పాత సర్టిఫికెట్లను విచారించినప్పుడు అది ఉత్త కాగితమని తేలితే ఇంటికి పంపేస్తారు. ఇంకా పెద్ద నష్టమేమిటంటే, తప్పు చేసినా సర్దుకోనిచ్చే ఆ ఆరు నెలలు చేజారిపోతాయి. విద్యార్థి అన్న కనికరంతో ఎదుటివారు ఓపికగా నేర్పేది ఆ కాలంలోనే. చేరాక ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

కాబట్టి మీ మూడు ప్రశ్నల్లో అసలు ప్రశ్న ఇది: ఆ ఆరు నెలలు మీ అబ్బాయి ఎక్కడ కూర్చొని, ఎవరికి జవాబు చెబుతూ పనిచేయాలి? దీనికి బెంగళూరే వెళ్లనక్కరలేదు, పెద్ద పేరున్న కంపెనీయే కానక్కరలేదు. వాడు పొరపాటు చేస్తే ఇంకొకరికి నష్టం జరిగే పని అయి ఉండాలి, ఆ పొరపాటును చూపించి దిద్దే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఈ రెండూ ఉన్న చోటు ఏదైనా మంచిదే. మీ చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో స్టోర్సు, డిస్పాచ్, నాణ్యత విభాగాల్లో కంప్యూటర్ మీద నడిచే పని బోలెడంత ఉంది. తిరుపతిలో ఆడిటర్ల ఆఫీసులున్నాయి, పెద్ద ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలున్నాయి, యాత్రికులతో నిత్యం కిటకిటలాడే హోటళ్ల రిసెప్షన్, అకౌంట్స్ విభాగాలున్నాయి. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ తయారీ కర్మాగారాలు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు సరేసరి. బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవాడు సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే ఇంటర్న్‌షిప్ చేయాలని ఎక్కడా లేదు. లెక్కల పట్టీలు నింపడం, సరుకు రాకపోకలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వెతకడం వంటి పనులు ఆరు నెలలు చేసినవాడికి ఒక సంస్థ లోపల ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. ఆ తరువాత సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినా ఆ తెలివిడి అక్కరకొస్తుంది.

వాడు నలుగురిలో నోరు విప్పడని రాశారు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క లోపం ఉందని తల్లిదండ్రులు పిల్లల్ని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు పంపి, తమ కర్తవ్యం తీరిందనుకుంటున్నారు. కొన్నేళ్ల కిందట మా దగ్గర పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు. నమూనా ఇంటర్వ్యూలో 'నువ్వు ఇంతవరకు ఏ పని చేశావు?' అని అడిగితే తల వంచుకొని 'ఏమీ చేయలేదు సార్' అన్నాడు. పుస్తకంలో ప్రశ్నలు అడిగితే రెండు ముక్కల్లో ముగించేవాడు. చివరికి ఊరికే మాటలు కలపడానికి 'మీ ఇంట్లో పాల లెక్క ఎవరు రాస్తారు?' అని అడిగాను. వాడే రాస్తాడట. అక్కడి నుంచి పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. ఒకసారి వాళ్ల పాల కేంద్రం ఇచ్చిన చీటీల్లో వారం రోజులపాటు పొద్దునా సాయంత్రమూ వెన్న శాతం ఒకే అంకె వచ్చిందట. 'సాయంత్రం పాలలో వెన్న ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది కదా సార్, రెండు పూటలా ఒకటే ఎలా వస్తుంది?' అని వాడు నన్నే అడిగాడు. పాత చీటీలు వరుసగా పేర్చి, తీసుకెళ్లి చూపిస్తే, పొద్దుటి అంకెనే సాయంత్రానికీ ఎత్తి రాస్తున్నారని తేలింది. తరువాత తూకమూ పరీక్షా సక్రమంగా జరిగాయట. ఇంతటి పని చేసినవాడు 'ఏమీ చేయలేదు' అనడమే నాకు బాధ కలిగించింది. ఇంటి పని పనే కాదని వాడికి ఎవరో నేర్పారు. ఆ సంగతినే ఇంటర్వ్యూలో చెప్పమన్నాము. ఒక ఆహార పదార్థాల ఫ్యాక్టరీలో నాణ్యత విభాగానికి ఎంపికయ్యాడు.

మీ అబ్బాయి ట్రాక్టరు దగ్గర గడిపిన ఆ రెండు రాత్రులూ ఇటువంటివే. 2025 సీజన్లో తోతాపురికి కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలని, 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలని నిర్ణయించిన సంగతి, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన సంగతి మీకు నేను చెప్పాలా? ఆ గందరగోళంలో టోకెన్ పోకుండా, వరుస తప్పకుండా, కాయ మెత్తబడకముందే తూకం వేయించి చీటీతో ఇంటికొచ్చినవాడు పని రానివాడు కాదు. ఆ అనుభవాన్ని వాడి చేత ఒక పని రూపంలోకి తెప్పించండి. మీ దగ్గరున్న తూకం చీటీలు, మండీ పట్టీలు, బాడుగ రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కు వాడి ముందు పెట్టి, ఒక్క సీజన్ లెక్క ఎక్సెల్‌లో వేయమనండి: ఏ తేదీన ఎంత కాయ పోయింది, ఎంత తరుగు తీశారు, కోత కూలీ ఎంత, బాడుగ ఎంత, ఫ్యాక్టరీ డబ్బు ఏ రోజు పడింది, ప్రభుత్వ డబ్బు ఎంత పడింది, ఎకరాకు చివరికి చేతికి ఎంత మిగిలింది. వాడు వేసిన లెక్కలో తప్పుంటే మీకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు మీది. తప్పు దొరికినప్పుడు కోప్పడకుండా, చీటీ చూపించి, 'ఇక్కడ చూడు' అని మాత్రం అనండి. ఈ లెక్క పూర్తయ్యాక దాన్ని మీకు పది నిమిషాల్లో నోటితో వివరించమనండి. వాడికి కావలసిన మాట నేర్పు ఇదే. తాను స్వయంగా చేసినదాని గురించి చెప్పేటప్పుడు మాట దానంతటదే వస్తుంది. ఇంగ్లీషు అవసరం లేదని నేననడం లేదు. ఇదే సంగతిని ఇంగ్లీషులో ఒక పేజీ రాయించి, లెక్చరర్ చేత దిద్దించుకోమనండి.

ఇంటర్న్‌షిప్ అడగడానికి మీరు ఫోన్ చేయకండి, బావమరిది చేత సిఫారసు కూడా చేయించకండి. మొదటి ఫోను వాడే చేయాలి. కాలేజీ నుంచి ఉత్తరం తీసుకొని, తన పేరు, చదువు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వీలవుతుందో, ఏ పని చేయగలడో నాలుగు వాక్యాల్లో కాగితం మీద రాసుకొని, దాన్ని చూస్తూ మాట్లాడవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. నాలుగు చోట్ల కాదంటారు, ఇంకొక చోట వారం తరువాత రమ్మంటారు. కాదన్నవాళ్లకు 'సరేనండీ, ధన్యవాదాలు' అని చెప్పి ఐదో నంబరు కలపడం అలవాటైతే, వాడికి సగం భయం తీరినట్టే. పనిలో కుదిరాక పాటించవలసినవి చిన్నవే అయినా మా పిల్లలు తరచూ తప్పేది వాటిలోనే. రాలేకపోతే ముందే చెప్పాలి, ఇచ్చిన పనిని రాసుకోవాలి, అర్థం కాకపోతే తల ఊపకుండా 'ఇంకొకసారి చూపించండి' అని అడగాలి, పొరపాటు జరిగితే ఇంకొకరు కనిపెట్టేలోపే తానే వెళ్లి చెప్పాలి. పనిమంతుడిగా పేరు రావడం ఈ చివరి దానితోనే మొదలవుతుంది.

శ్రీసిటీ గురించి మీ బావమరిది చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, కాకపోతే అది డిగ్రీ చేతికొచ్చాక ఆలోచించవలసిన సంగతి. సత్యవేడు, తడ ప్రాంతంలో ఇసుజు, డైకిన్, ఆల్‌స్టామ్ వంటి కర్మాగారాలున్నాయి. మన జిల్లా పిల్లలు అక్కడ వేలల్లో పనిచేస్తున్నారు. అక్కడ ఎక్కువ పని షిఫ్టుల్లో నడుస్తుంది, నిలబడి చేసేదే ఎక్కువ. చెన్నై వైపు నుంచి వచ్చినవారూ ఎక్కువ కాబట్టి తమిళం వినబడుతూనే ఉంటుంది. చిత్తూరు సీమలో పెరిగినవాడికి తమిళం ఎంతో కొంత చెవిన పడే ఉంటుంది. ఇంటర్వ్యూలో అది చెప్పుకోదగ్గ అర్హత, దాచుకోవద్దనండి. అయితే చేర్చుకునేటప్పుడు ఇచ్చే కాగితాన్ని నిదానంగా చదవాలి. అందులో అప్రెంటిస్ అని ఉంటే అది 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఇచ్చే శిక్షణ. దానికి జీతానికి బదులు స్టైపెండ్ (శిక్షణ భృతి) ఇస్తారు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోతలు ఉండవు, ఒప్పందంలో రాసుకుంటే తప్ప గడువు తీరాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. 2019లో సవరించిన నియమాల్లో డిగ్రీ చదివినవారికి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. ఒక ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసి, ప్రభుత్వం గుర్తించే సర్టిఫికెట్ పుచ్చుకోవడం బీఎస్సీ పిల్లలకు మంచి దారి అని నా నమ్మకం. కానీ అది ఉద్యోగమనుకొని చేరి, ఏడాది తరువాత ఇంటికి రావలసి వచ్చినప్పుడు మోసపోయామని ఏడ్చినవాళ్లను చూశాను. ముందే తెలిసి చేరితే ఆ ఏడుపు ఉండదు.

నేరుగా ఉద్యోగమే అయితే జీతం చీటీ చదవడం నేర్పాలి. ఉదాహరణకు నెలకు 16,000 అని చెప్పి చేర్చుకున్నారనుకోండి, అందులో మూల వేతనం 12,000. దాని మీద 12 శాతం చొప్పున పీఎఫ్‌కు 1,440 పోతుంది, మొత్తం జీతం మీద 0.75 శాతం చొప్పున ఈఎస్ఐకి 120 పోతుంది, వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 14,290. ఇందులోంచి గది బాడుగ, తిండి, ఊరికొచ్చి వెళ్లే ఖర్చులు తీయాలి. మొదటి నెల 16,000 రాలేదని వాడు దిగులుగా ఫోన్ చేస్తే మీరు యాజమాన్యాన్ని తిట్టకండి. ఆ పీఎఫ్ డబ్బు వాడి పేరు మీదే జమవుతుంది, యాజమాన్యమూ తన వంతు కడుతుంది. ఈఎస్ఐ ఉన్నవాడికి తిరుపతిలోని ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది, తనమీద ఆధారపడిన తల్లిదండ్రులను కూడా అందులో నమోదు చేయవచ్చు. పీఎఫ్ కోసి దాని ఖాతా నంబరు చెప్పకపోతే మాత్రం అడిగి తీరాలి. ఇంకొక మాట: పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలే తప్ప, ఎవరి దగ్గరా ఉంచి రాకూడదు. వాటి డిజిటల్ ప్రతులను డిజీలాకర్‌లో (ప్రభుత్వ యాప్) పెట్టుకోవడం ఈ సెలవుల్లోనే పూర్తి చేయమనండి.

గ్రూప్-2 కోరికను నేను తేలిగ్గా తీసుకోను, మా విద్యార్థుల్లో సాధించినవారున్నారు. కానీ ఆ పరీక్షకు పట్టే కాలం ఎంతో చూడండి. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే ప్రాథమిక పరీక్ష 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. పోస్టులు సుమారు 900. అంటే ఒక్క ప్రయత్నానికే ఏడాదికి పైగా పట్టింది, ఈలోగా ఇరవై రెండేళ్ల కుర్రాడు తిరుపతిలో స్టడీ హాలు కుర్చీలో కూర్చొని ఉంటే వాడి చేతికి ఏ పనీ అలవాటు కాదు. నా సలహా కొంచెం కఠినంగా అనిపించవచ్చు కానీ చెబుతాను: ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి, ఏదో ఒక పనిలో కుదిరి, దాని పక్కన రోజుకు మూడు గంటలు చదవమనండి. ప్రాథమిక పరీక్ష దాటితే అప్పుడు ఉద్యోగం మానేసి, మెయిన్స్ వరకు పూర్తిగా కూర్చోవడానికి మీరు ఖర్చు పెట్టుకుంటానని మాట ఇవ్వండి. ఆ 60,000 అప్పుడు అక్కరకొస్తుంది. ఇలా మాట ఇచ్చినందువల్ల, వాడి ఆశను మీరు తుంచేశారన్న బాధ వాడికి ఉండదు.

ఇక ఫోను సంగతి. ఒక్క మాటలో చెబుతాను, దాని మీద రోజూ గొడవ పెట్టుకోకండి. చేతి నిండా పనుంటే ఫోను చూసే తీరిక దానంతటదే తగ్గుతుంది.

చేరే రోజు మీరు వెంట వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి, కానీ గది వరకే. ఎవరితో కలిసి ఉండబోతున్నాడో చూడండి, నీళ్లు ఎప్పుడొస్తాయో, రాత్రి షిఫ్టు దిగాక గదికి ఎలా చేరతాడో, దగ్గరలో భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, ఇంటి యజమాని ఫోన్ నంబరు తీసుకోండి. ఆ రాత్రి అక్కడే పడుకొని, పొద్దున్నే వాడు కంపెనీ బస్సు ఎక్కాక మీరు ఊరి బస్సు ఎక్కండి. గేటు దాకా వెళ్లి, సూపర్‌వైజరుతో 'మావాడు కొంచెం మొహమాటస్తుడు, చూసుకోండి' అని మాత్రం చెప్పకండి. మొదటి నెలలో తిరిగొచ్చేస్తానని వాడు ఒకటి రెండుసార్లు అంటాడు. జీతం ఎగ్గొట్టడమో, ప్రాణాపాయమైన పని చేయించడమో, కొట్టడం తిట్టడమో ఉంటే ఆ రోజే తీసుకొచ్చేయండి. ఒళ్లు నొప్పులు, ఒంటరితనం, భోజనం నచ్చకపోవడం అయితే మూడు నెలలు ఆగమని ముందే ఒప్పందం చేసుకోండి, ఆ మూడు నెలల్లో ఒక ఆదివారం వాళ్లమ్మను తీసుకొని వెళ్లి రండి.